వేలంల కొన్నంత మాత్రాన పాత నాణెం అసలుది అయితదా?

వనపర్తి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, క్లుప్తంగ చెప్తా, మిగతావాళ్లకు గూడ అర్థమైతది. ఆన్‌లైన్ వేలంల ఒక రోమన్ వెండి నాణెం చూసిండు, టైబీరియస్ చక్రవర్తి ముఖం ఉన్నది, ప్లాస్టిక్ డబ్బీల సీల్ చేసి గ్రేడ్ (నాణెం ఎంత బాగున్నదో చెప్పే మార్కు) రాసి ఉన్నదట, వివరాలల్ల 'నల్లగొండ జిల్లాల దొరికిన నిధిలోది' అని రాసిన్రట, పాట 18,000 రూపాయల కాడ నడుస్తున్నది, ఇంక నాలుగు రోజులు టైమ్ ఉన్నది. 'అన్నా, పేరున్న వేలం సంస్థ గదా, చూడకుండ పెడ్తరా, అందుట్ల గూడ డూప్లికేట్ వస్తదా?' అని అడిగిండు.

వస్తది తమ్మీ. వేలం సంస్థ ఎంత పెద్దదైనా వస్తది. నువ్వు చెప్పిన వివరాలు ఇంతే అయితే నేనైతే ఆ నాణెం మీద పాట పాడ. అది డూప్లికేట్ అని ఇక్కడ కూసొని చెప్పలేను, నాణెం చేతుల లేదు. కానీ ఆ వివరాలల్ల రాసిన ఒక్క మాట చాలు నేను ఆగనీకి, అది కిందికొచ్చినంక చెప్తా.

ముందు నేనెవరో చెప్పాలె, లేకపోతే నా మాటకు ఇలువ ఏముంటది. మాది నల్లగొండ, ప్రకాశం బజార్ల మా నాయినది బంగారం పని దుకాణం, ఔసలోళ్లం. చిన్నప్పటి నుంచి కుంపటి కాడ కూసొని పోత పోసుడు, డై (బొమ్మ చెక్కిన అచ్చు) మీద రేకు పెట్టి గుద్దుడు, టాకా పెట్టుడు, ఆకురాయితోని అంచులు సాపు చేసుడు ఇవే చూసిన, ఇవే చేసిన. పాత నాణేలు జమ చేసుడు మొదలుపెట్టి ముప్ఫై ఏండ్లు దాటింది, ఎక్కువ శాతవాహనులు, ఇక్ష్వాకులు, కొన్ని రోమన్. ఈ ముప్ఫై ఏండ్లల్ల డూప్లికేట్లు నేను గూడ కొన్న, పైసలు పోయినయి, కానీ నా చేతి పనే నాకు నేర్పింది ఎట్ల చూడాలెనో. ఒక వస్తువు పోత పోసిందా, గుద్దిందా అన్నది మా ఇండ్లల్ల పదేండ్ల పిలగాడు గూడ చెప్తడు.

వేలంలకు డూప్లికేట్ ఎట్ల వస్తదో ముందు అర్థం చేసుకోవాలె. ఒక్కో వేలంల వందలు, ఒక్కోసారి వేల లాట్లు (పాటకు పెట్టే సరుకులు, ఒక్కోదానికి ఒక నంబర్) ఉంటయి. వాటిని చూసి కేటలాగ్ రాసేటోళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరు ముగ్గురిల ఒకాయన మొఘల్ రూపాయిలల్ల గట్టోడు, ఒకాయన బ్రిటిష్ ఇండియాల గట్టోడు, శాతవాహనుల సీసం నాణెం వాళ్ల ముంగట పెడ్తే పాత పుస్తకంల బొమ్మతోని పోల్చి చూసి రాసేస్తరు. ఇది మోసం అని నేను అంటలేను, చాలామంది నిజాయితీగనే చేస్తరు, కానీ అన్ని కాలాల నాణేలు తెలిసిన మనిషి అరుదు. దానికి తోడు సరుకు ఇచ్చేది సంస్థ కాదు, బయటి మనుషులు ఇస్తరు, సంస్థ కమీషన్ తీసుకుంటది, కొన్నోళ్ల కాడ గూడ ప్రీమియం అని తీసుకుంటది. రెగ్యులర్ గ సరుకు తెచ్చే మనిషిని అనుమానంగ చూసుడు వాళ్ల వ్యాపారానికి కష్టం. ఇంకొకటి, పాత సేకరణదారు చనిపోతె ఇంట్లోళ్లు డబ్బాలు డబ్బాలుగ తెచ్చి ఇస్తరు, ఆయన బతికున్నప్పుడు 'ఇది డూప్లికేట్' అని తెలిసి పక్కన పెట్టుకున్నవి గూడ అందుట్లనే కలిసి వస్తయి, చీటీ ఊడిపోయి ఉంటది, ఎవ్వరి తప్పూ లేకుండనే అసలు దాంట్ల నకిలీ కలుస్తది.

అసలు ప్రమాదం ఏందంటే, ఒక్కసారి నకిలీ నాణెం అచ్చు కేటలాగ్‌ల పడితే ఆ కేటలాగే దానికి సాక్ష్యం అయితది. రెండోసారి అమ్మేటప్పుడు 'ఫలానా వేలం, ఫలానా లాట్ నంబర్, అంతకుముందు అమ్ముడుపోయింది' అని రాస్తరు. కొనేటోడు చూసి ఇది రెండు వేలాలల్ల పాసైన నాణెం అనుకుంటడు. నిజానికి మొదటిసారి చూసినోడు సరిగ్గ చూడలే, రెండోసారి చూసినోడు మొదటోణ్ణి నమ్మిండు.

నాకు అయ్యిందే చెప్తా. 2011ల ఒక వేలంల వాసిష్ఠీపుత్ర పులుమావి వెండి నాణెం కొన్న. శాతవాహనులవి సీసం, పోటిన్ (రాగి, సీసం, తగరం కలిపిన లోహం), రాగి నాణేలు మస్తు దొరుకుతయి గానీ రాజు ముఖం ఉన్న వెండి నాణేలు తక్కువ, రెండు గ్రాముల లోపల్నో అటు ఇటో ఉంటయి, ముందట ముఖం చుట్టు బ్రాహ్మీల 'రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస' అని ప్రాకృతం, వెనుక ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు, నాలుగు కొసలకు సున్నాలు), కొండ గుర్తు, చుట్టు ఇంకో భాషల రాత, అందుట్ల 'తిరు', 'మకణకు' అని మన దక్షిణాది మాటలు. రెండు వేల ఏండ్ల కింద మన మాటల వాసన ఉన్న అక్షరాలు వెండి మీద చూస్తే నాకు రోమాలు నిక్కబొడుస్తయి, ఆ నాణెం చేతికి వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టలే. మూడేండ్లు దాని మీద ప్రేమతోని ఉన్న. తర్వాత ఇంకో ఊరి వేలం కేటలాగ్ చూస్తుంటే అదే పులుమావి. ఒకే డై నుంచి రెండు నాణేలు రావుడు మామూలే, సంతోషపడ్డ. కానీ జర సేపటికి చెయ్యి చల్లబడ్డది. గడియారంల ఏడు గంటలు ఉండే కాడ అంచు మీద నా నాణేనికి ఒక చిన్న చీలిక ఉన్నది, అక్కడ గూడ అదే చీలిక, అంతే పొడుగు. 'పు' అక్షరం మీద నా దానికి ఒక సన్నపు గీత ఉన్నది, దానికి గూడ ఉన్నది. ట్రాన్స్‌పరెంట్ షీట్ మీద ప్రింట్ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన, బిళ్ళ ఆకారం గూడ ఇంచు తేడా లేదు.

జర సోచాయించు. డై ఒక్కటే అయినా సుత్తెతోని కొట్టే ప్రతి నాణెం వేరే బిళ్ళ మీద పడ్తది, కొంచెం అటు జరుగుతది ఇటు జరుగుతది, అంచు వేరే కాడ చీలుతది. గీతలు అయితే ఆ నాణెం చేతులు మారినప్పుడు పడేటివి, రెండు నాణేలకు ఒకే గీత పడుడు అసాధ్యం. డై ఒక్కటే ఉంటే జోడీ, దెబ్బలు గూడ ఒక్కటే ఉంటే నకిలీ. రెండూ ఒక అసలు నాణెం నుంచి తీసిన సాంచల పోసినయి, లేకపోతే రెంట్ల ఒకటి అసలుది, ఒకటి దాని నకలు. మన చేతుల ఉన్నది అసలుదో నకలో చెప్పుడు ఇంకో కత, నాది నకలే అని తేలింది, ఎట్ల తేలిందో కింద చెప్తా. ఆ సంస్థకు ఫోన్ చేస్తే మర్యాదగనే మాట్లాడిన్రు, కానీ నియమాలల్ల ముప్ఫై రోజులు అని ఉన్నది, మూడేండ్లు దాటింది అన్నరు. అప్పటి నుంచి నేను కొన్న ప్రతి దానికి మొదటి ముప్ఫై రోజులల్లనే చెయ్యాల్సింది అంతా చేస్త.

ఇది మన దేశపు రోగం మాత్రమే అనుకోకు. యూరప్‌ల రెండొందల ఏండ్ల కిందనే జర్మనీల కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అనే మనిషి (1772లో పుట్టి 1830లో పోయిండు) గ్రీకు, రోమన్ నాణేలకు తన చేతులతోని డైలు చెక్కి కొట్టిండు. ఆయన చేసిన పనుల ఒకటి వింటే నీకు భయమైతది: చవకగ దొరికే అసలు పాత నాణేలు కొని, వాటి మీదనే తన డై పెట్టి మళ్ళ కొట్టేటోడు. అంటే వెండి నిజంగనే రెండు వేల ఏండ్లది, బిళ్ళ గూడ పాతదే, బొమ్మ మాత్రం కొత్తది. లోహ పరీక్ష ఎన్ని చేసినా పాస్ అయితది. కొత్త మెరుపు పోనీకి డబ్బీల ఇనుప రజను పోసి నాణేలు అందుట్లేసి గుర్రపు బగ్గీకి కట్టి ఊర్లు తిప్పేటోడట. ఆ డైలు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంల ఉన్నయి. ఇంక 1988ల నల్లసముద్రం ఒడ్డు పట్టణాలు అపోలోనియా, మెసెంబ్రియాల చిన్న వెండి నాణేలు కుప్పలుగ బజార్లకు వచ్చినయి, మంచి పేరున్న డీలర్లు గూడ కొన్నరు అమ్మిన్రు, నిపుణులే రెండు వర్గాలుగ చీలి కొట్లాడిన్రు, చివరకు నకిలీలు అని తేలినయి. వాళ్లంతా తెలివి తక్కువోళ్లా? కాదు. కుప్పగ వచ్చినప్పుడు, ఒకదానికొకటి పోల్చుకునే టైమ్ ఇయ్యకుండ అమ్మినప్పుడు ఎవ్వరైనా పడ్తరు.

ఇప్పుడు నీ టైబీరియస్ కాడికి వస్త. ఈ నాణెం మన కాడ దొరుకుడు నిజమే, అందుట్ల అబద్ధం లేదు. అక్కన్‌పల్లి అని మన నల్లగొండ జిల్లాలనే, అక్కడ దొరికిన నిధిల 1,531 రోమన్ వెండి దినారాలు ఉన్నయి, ఎక్కువ అగస్టస్, టైబీరియస్ కాలంవే. మన దేశంల దొరికే రోమన్ వెండిల ఎక్కువ ఈ ఇద్దరివే ఎందుకంటే అప్పటి దినారాల వెండి చొక్కంగ ఉండె, క్రీస్తు శకం 64 ప్రాంతంల నీరో చక్రవర్తి బరువు, వెండి రెండూ తగ్గించిండు, మన వ్యాపారులకు ఆ పాత వెండి మీదనే నమ్మకం. టైబీరియస్ దాంట్ల ముందట దండ పెట్టుకున్న తల, వెనుక కుర్చీల కూసున్న ఆడమనిషి, 'పాంటిఫ్ మాక్సిమ్' అని రాత ఉంటది. అగస్టస్ దాంట్ల వెనుక ఆయన మనుమలు గాయస్, లూసియస్ ఇద్దరు డాళ్లు పట్టుకొని నిలబడి ఉంటరు. ఈ రెండు రకాలే ఎక్కువ, అందుకే నకిలీలు గూడ ఈ రెంటివే ఎక్కువ. జనం పేరు విన్నదే కొంటరు గదా.

కానీ 'నల్లగొండ జిల్లాల దొరికిన నిధిలోది' అని రాసిన్రు చూడు, నన్ను ఆపిన మాట అదే. మన దేశంల 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉన్నది, భూమిల దొరికిన నిధి పది రూపాయల ఇలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలె. అట్ల చెప్పిన నిధి మామూలుగ ప్రభుత్వం కాడికి పోతది, మ్యూజియంకు పోతది, నీ వేలంలకు వచ్చుడు అరుదు. అంటే కాయితం చూపించకపోతే ఆ మాట అబద్ధమైనా అయి ఉండొచ్చు, నిజమైతే దొంగ సొమ్ము అయినా అయి ఉండొచ్చు. రెంట్ల ఏదైనా నీకు నష్టమే. సూర్యాపేట జిల్లా ఫణిగిరిల 2024 మార్చి ఆఖర్ల తవ్వకాలల్ల ఒక కుండల 3,730 సీసం నాణేలు దొరికినయి, ఒక పక్క ఏనుగు, ఇంకో పక్క ఉజ్జయిని గుర్తు, ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, ఇక్ష్వాకుల కాలంవి అని చెప్పిన్రు. ఆ వార్త వచ్చిన నెల లోపల నాకు వాట్సాప్‌ల ముగ్గురు పంపిన్రు 'ఫణిగిరి నాణేలు ఉన్నయి, తీసుకుంటవా' అని. ఆ కుండ మొత్తం తవ్విన శాఖ కాడనే ఉన్నది, బయటికి ఎట్ల వస్తయి? ఫొటో పెద్దగ చేసి చూస్తే మూడిట్లనూ ఏనుగు తొండం కింద ఒకే బుడిపె ఉన్నది. ఊరి పేరు తగిలిస్తే మన ఊరోళ్లకు మమకారం పుడ్తది, ఆ మమకారాన్నే అమ్ముతరు వాళ్లు. ఇది నాకు మస్తు బాధ అనిపించే సంగతి.

ఒక మాట మధ్యల చెప్పాలె, నకిలీ అంటే అన్ని ఇప్పటివే కావు. రోమన్ నాణేలను చూసి ఆ కాలంల మన దగ్గరనే చేసిన నకళ్లు ఉన్నయి, వాటి మీద అక్షరాలు అర్థం లేకుండ గీతలు గీతలుగ ఉంటయి, అవి చరిత్రల భాగం, వాటికి వేరే ఇలువ. చిన్న చిన్న ముద్రలు గుద్దిన మన పాత వెండి నాణేలల్ల గూడ లోపల రాగి పెట్టి పైన వెండి పూసినవి దొరుకుతయి, అవి ఆ కాలపు దొంగ నాణేలు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలనే దొంగ నాణేనికి కూటరూపం అని పేరు ఉన్నది, నాణేలు పరీక్షించే అధికారికి రూపదర్శకుడు అని పేరు ఉన్నది. అంటే ఈ కొట్లాట ఇయ్యాల మొదలైంది కాదు. కాబట్టి 'రోమన్ లెక్క లేదు, అక్షరాలు తప్పు' అని తొందరపడి పారేయకు, చూపించుకో.

ఇంక ఎట్ల చూడాలెనో. మా పనిల ఇప్పుడు రబ్బరు సాంచ, మైనం, వాక్యూమ్ కాస్టింగ్ మెషీన్ అన్ని చిన్న టౌన్లకు గూడ వచ్చినయి, ఒక అసలు నాణెం ఇస్తే సాయంత్రం వరకు ఇరవై నకళ్లు తియ్యొచ్చు, అంత సులువు అయింది. అయినా పోతకు కొన్ని గుణాలు పోవు. కరిగిన లోహం చల్లబడేటప్పుడు ముడుచుకుంటది, నకలు అసలు కంటే వెంట్రుక వాసి చిన్నగ వస్తది. అక్షరాల మొదళ్ల కాడ పదును ఉండది, సబ్బు బిళ్ళ వాడినంక ఎట్ల మెత్తగ అయితదో అట్ల ఉంటది. పది రెట్ల భూతద్దంల చూస్తే గుండ్రటి చిన్న చిన్న గుంటలు కనపడ్తయి, అవి గాలి బుడగలు. తుప్పుతోని పడిన గుంటకు అంచులు రంపం లెక్క ఉంటయి, బుడగ గుంట గుండ్రంగ ఉంటది, రెంటికీ తేడా నేర్చుకోవాలె. అన్నిటికంటే ముఖ్యం అంచు. ముందు వెనుక ఫొటోలు అందరు పెడ్తరు, అంచు ఫొటో ఎవ్వరు పెట్టరు. సుత్తె దెబ్బకు చీలిన చీలిక లోపలికి లోతుగ, పదునుగ పోతది, చివరికి సన్నబడ్తది. పోతల వచ్చిన చీలిక పైపైన ఉంటది, అడుగు గుండ్రంగ పూడిపోయి ఉంటది. నా పులుమావి దొరికిపోయింది అక్కడనే, ఏడు గంటల కాడ చీలిక అడుగు చూస్తే మెత్తగ మూసుకొని ఉన్నది, అంచు చుట్టు ఆకురాయి పెట్టిన సన్నపు గీతలు ఒకే దిక్కు ఉన్నయి. సాంచ రెండు భాగాలు కలిసిన కాడ వచ్చే గీతను తీసెయ్యనీకి ఆకురాయి పెడ్తరు, ఆ పని నేను వెయ్యి సార్లు చేసిన, అయినా మూడేండ్లు ఆ అంచు నేను చూడలే, ముఖమే చూసుకుంట కూసున్న.

అయితే ఇది అన్నిటికీ పనిచెయ్యదు, ఇక్కడ చాలామంది తప్పు చేస్తరు. శాతవాహనుల పోటిన్ నాణేలు కొన్ని ఆ కాలంలనే పోత పోసినయి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దిబ్బ కాడ 1940ల నిజాం కాలపు పురావస్తు అధికారి యాజ్దానీ గారు తవ్వించినప్పుడు నాణేలు మస్తు దొరికినయి, నాణేలు పోసే మట్టి సాంచలు గూడ దొరికినయి. అంటే పోత గుర్తు ఉన్నదని పోటిన్ నాణేన్ని నకిలీ అనుడు తప్పు. సీసం అయితే ఇంక కష్టం, 327 డిగ్రీలకే కరుగుతది, కట్టెల పొయ్యి మీద గంటెల కరిగించి పోసుకోవచ్చు. అసలు సీసం నాణెం కొన్ని వందలకే దొరుకుతది గదా దానికి నకిలీ ఎందుకు చేస్తరు అంటరు, ఖర్చు ఏం లేదు గాబట్టి చేస్తరు, పైగ రాజు పేరు స్పష్టంగ ఉన్న సీసం నాణెం అయితే ధర వేలల్లకు పోతది. సీసం మీద ఏండ్ల తరబడి పట్టిన తెల్లటి, మట్టి రంగు పొర గట్టిగ ఉంటది, కొత్త దాని మీద రంగు లెక్క పూసి ఉంటది, నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ దూదితోని అద్దితే పూసిన రంగు దూదికి అంటుకుంటది, నిజమైన పొర అంటుకోదు. రాగి మీద పచ్చ పొరకు గూడ ఇదే. గోరుతోని గీరకు, కత్తితోని అసలే గీరకు, చింతపండు పెట్టి తోమకు. తోమిన నాణెం అసలుదైనా సగం పోతది.

బరువు, నీళ్ల పరీక్ష ఇంట్లనే చెయ్యొచ్చు. దినారా అయితే టైబీరియస్ కాలంది 3.6 నుంచి 3.9 గ్రాముల మధ్యల ఉండాలె, అరిగితే కొంచెం తగ్గుతది. కాంట మీద చిన్న గ్లాసుల నీళ్లు పెట్టి సున్నా చేసి, దారంతోని నాణెం అడుగుకు తాకకుండ నీళ్లల్ల వేలాడదీస్తే కాంట ఎంత చూపిస్తదో అది నాణెం కోల్పోయే బరువు. గాలిల బరువును దానితోని భాగించు. ఉదాహరణకు 3.72 గ్రాముల నాణెం నీళ్లల్ల 0.36 చూపిస్తే 10.3 వస్తది, చొక్కపు వెండి 10.5 గాబట్టి సరిపోయింది. 8.7, 8.9 వచ్చిందంటే రాగి, ఇత్తడి సంగతి. సీసం 11.3, బంగారం 19.3. కానీ జాగ్రత్త, ఇంత చిన్న నాణేనికి కాంట 0.01 తేడా చూపిస్తే ఫలితం 0.3 దాకా మారుతది, అందుకే ఐదారు సార్లు చేసి సగటు తియ్యి. బంగారం దుకాణాలల్ల ఎక్స్‌రే మెషీన్ ఉంటది, అది గూడ పెట్టిస్తరు కొందరు, అది పై పొరనే చదువుతది, లోపల రాగి ఉన్నదా అన్నది చెప్పది. ఇంక బెకర్ సంగతి చెప్పిన గదా, లోహం పాసైతే నాణెం పాస్ అయినట్టు కాదు. ఫెయిల్ అయిన పరీక్ష నకిలీ అని చెప్తది, పాస్ అయిన పరీక్ష అసలుదని చెప్పది. ఈ ఒక్క మాట నాకు చానా ఖర్చుతోని వచ్చింది.

బంగారు రోమన్ నాణేల మీద మన దేశంల దొరికిన కొన్నిటికి రాజు ముఖం మీద ఉలి గాటు ఉంటది. ఆ గాటు ఉంటే ఇండియాల దొరికింది అని నమ్ముతరు గాబట్టి నకిలీ చేసేటోళ్లు గాటు గూడ పెడ్తున్నరు. పాత గాటు లోపల రంగు, పైన రంగు ఒక్కటే ఉంటది, గాటు ఒడ్డు అరిగి ఉంటది. కొత్త గాటు లోపల తళతళ మెరుస్తది, లేచిన అంచు వేలికి గీసుకుంటది. విజయనగరం వరహాలల్ల, ముఖ్యంగ కృష్ణదేవరాయల బాలకృష్ణుడి బొమ్మ వరహా (3.4 గ్రాములు), నకిలీలు అన్నిటికంటే ఎక్కువ చూసిన, బంగారం మాత్రం నిజమైన బంగారమే పెడ్తరు, అందుకే గీటురాయి మీద దొరకది.

ప్లాస్టిక్ డబ్బీ గురించి గూడ అడిగినవు. మొదటి సంగతి, ఆ డబ్బీలే నకిలీవి వస్తయి, నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌ల కొట్టి అక్కడున్న ఫొటోతోని పోల్చాలె, నంబర్ ఒక్కటే కలిస్తే సరిపోదు. రెండోది, అమెరికాల నాణేలకు గ్రేడ్ ఇచ్చే ఎన్‌జీసీ కంపెనీల పాత నాణేల విభాగం (ఎన్‌జీసీ ఏన్షియెంట్స్) గూడ తాము నకిలీ అనుకున్నది సీల్ చెయ్యమని చెప్పేది గానీ పాత నాణెం అసలుదని గ్యారంటీ మాత్రం ఏండ్ల తరబడి ఇయ్యలే, వాళ్ల నియమాలల్లనే అట్ల రాసుకున్నరు. అది వాళ్ల అభిప్రాయం, మంచి అభిప్రాయమే, నేను గూడ గౌరవిస్త. కానీ డబ్బీల ఉన్నప్పుడు అంచు సగం కనపడది, నీళ్లల్ల తూచలేవు.

కాయితాల సంగతి గూడ అంతే. 2020 అక్టోబర్‌ల లండన్‌ల ఒక వేలంల జూలియస్ సీజర్ హత్యను గుర్తు చేస్తూ బ్రూటస్ కొట్టించిన 'ఈద్ మార్' బంగారు నాణెం ముప్ఫై లక్షల పౌండ్లు దాటి పోయింది, అప్పటికి పాత నాణేలల్ల అదే రికార్డు. అంతకుముందు ఫలానా వాళ్ల కాడ ఉండె అని కాయితాలు చూపించిన్రు. తర్వాత ఆ కాయితాలే దొంగవి అని తేలింది, కేసు అయింది, 2023ల నాణెం గ్రీస్ దేశానికి తిరిగి పోయింది. అంత పెద్ద చోట, అంత పైసలకే కాయితం పుట్టించిన్రంటే 18,000 రూపాయల నాణేనికి చీటీ పుట్టించుడు ఎంత పని.

విదేశీ వేలంల కొనాలనుకునేటోళ్లకు ఇంకో మాట. వంద ఏండ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు, దాన్ని మనం దేశం బయటికి పంపొద్దు. నువ్వు బయట నుంచి తెప్పించుకున్నవు, ఇక్కడికి వచ్చినంక డూప్లికేట్ అని తేలింది, వాపస్ పంపాలంటే ముందు ఇది పురావస్తువు కాదు అని భారత పురావస్తు శాఖ కాడ సర్టిఫికెట్ తీసుకోవాలె. అప్పటి వరకు వాపస్ గడువు దాటిపోతది. 'ఎప్పటికీ గ్యారంటీ' అని రాసిన సంస్థలు ఉన్నయి, మంచిదే, కానీ ఈ చిక్కు మన దేశం వాళ్లకు ఉన్నదని గుర్తు పెట్టుకో.

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు ఉండి వెనుక ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని ఉన్న రాగి బిళ్ళల గురించి పాలమూరు నుంచి రోజుకొకరు అడుగుతరు, వాటికి ఒక్క లైన్ చాలు, కంపెనీ అట్లాంటి నాణెం ఎప్పుడూ కొట్టలే. బియ్యం గుంజే నాణెం అని, ఇరిడియం అని లక్షలు అడిగేటోళ్లు వస్తే పోలీస్ స్టేషన్‌కు పో, నాణేలు తెలిసినోళ్ల కాడికి కాదు.

ఇప్పుడు ఈ నాలుగు రోజులల్ల నువ్వు చేసేది చెప్తా. ఇయ్యాలనే వాళ్లకు మెయిల్ పెట్టు: అంచు చుట్టు నాలుగు దిక్కుల ఫొటోలు, రెండు దశాంశాల బరువు, ఈ నాణెం 1972 కంటే ముందు నుంచి ఎవరి సేకరణల ఉన్నదో కాయితం, నకిలీ తేలితే వాపస్ ఎన్ని రోజులు, ఎవరి మాట ఒప్పుకుంటరు. 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టు, తర్వాత వాపస్ లేదు) అని ఎక్కడైనా రాసి ఉంటే ఆ లాట్ వదిలెయ్యి. వాళ్లు జవాబు రాసే తీరులనే సగం తెలుస్తది, మంచి సంస్థ ఇట్ల అడిగితే కోపం చేసుకోదు, 'నిధిలోది' అన్న మాట తీసెయ్యనీకి గూడ వెనుకాడదు. ఆలోపు ఏసీసెర్చ్, కాయిన్ ఆర్కైవ్స్ అని వేలాలల్ల అమ్ముడుపోయిన నాణేల ఫొటోలు ఉండే వెబ్‌సైట్లల్ల టైబీరియస్ దినారాలు ఒక రెండు వందలు వరుసగ చూడు, మన దేశపు నాణేలకైతే జెనో అనే వెబ్‌సైట్ మంచిది. ధర చూడకు, బిళ్ళ ఆకారం చూడు, చీలికలు చూడు, నీ నాణెం ఫొటో పక్కన పెట్టుకొని చూడు. రెండు వందలు చూసినంక నీ కన్నే మారిపోతది. హైదరాబాద్ పోయినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంల అసలు నాణేలు చూడు, సైఫాబాద్ టంకశాల మ్యూజియంల నాణెం ఎట్ల పుడ్తదో చూడు, ఒక పూట పని.

అంచు ఫొటోలు వస్తే నాకు పంపు, రాత్రి దుకాణం మూసినంక కూసొని చూస్త. ఫొటోలు ఇయ్యము అంటే మాత్రం నన్ను గూడ అడగకు, ఆ 18,000 జేబులనే పెట్టుకో. ఈ రకం దినారా అరుదైంది కాదు తమ్మీ, ఇయ్యాల పోతే ఆరు నెలలకు ఇంకోటి వస్తది.